జాబితాకెక్కేదాకా దిక్కెవరు? వన్యప్రాణి చట్టంపై పాఠకుల ప్రశ్నలు

అంతరించిపోతున్న జీవులకు చట్టం రక్షణ దక్కడానికి ఏళ్లూ పూళ్లూ ఎందుకు పడుతోందన్న దాని మీద ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం. ఇక్కడ ‘చట్టం’ అంటే, వేరే చెప్పనిచోట, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే.

ప్రశ్న: నల్లమలలో నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో ఉండే నీలం సాలీడు అంతరించే అంచున ఉందని 2008లోనే ప్రకటించారట. అయినా చాలా ఏళ్ల పాటు దాన్ని పట్టుకుపోయేవాళ్ల మీద వన్యప్రాణి కేసు పెట్టే వీల్లేకపోయిందని విన్నాం. అదెలా సాధ్యం?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, గిద్దలూరు

మీరు విన్నది నిజమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితా వేరు, మన చట్టంలోని షెడ్యూలు, అంటే చట్టం వర్తించే జీవుల జాబితా, వేరు. ఎర్ర జాబితా శాస్త్రజ్ఞుల అంచనా. దాన్ని చూపించి ఏ మేజిస్ట్రేటూ శిక్ష వేయలేడు. వేట కేసు నిలవాలంటే ఆ జీవి పేరు షెడ్యూలులో ఉండి తీరాలి. ఎర్ర జాబితాలో ఒక జీవి పరిస్థితి దిగజారినంత మాత్రాన షెడ్యూలు దానంతటదే మారదు. ఫలానా నెలల్లోగా మార్చాలన్న నిబంధన కూడా మన చట్టంలో లేదు.

ఈ సాలీడునే చూడండి. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనా ఆధారంగా 1899లో దీనికి పొయిసిలోథేరియా మెటాలికా అని పేరు పెట్టారు. అందుకే ప్రపంచమంతా దీన్ని గుత్తి సాలీడు అంటుంది. నిజానికి దాని ఇల్లు గుత్తి కాదు, కలపతో పాటు రైలెక్కి వచ్చిందని అనుకుంటున్నారు. ఆ తర్వాత వందేళ్లకు పైగా జాడ లేదు. 2001లో నంద్యాల–గిద్దలూరు అడవిలో మళ్లీ కనిపించింది. అది ఉండే చోటు మొత్తం కలిపి 100 చదరపు కిలోమీటర్లకు మించదన్న లెక్కతో 2008లో ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాదకర స్థాయిలో చేర్చారు. కాని అప్పటికి మన షెడ్యూళ్లలో దాని పేరు లేదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటెస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి ఈ ప్రజాతి మొత్తాన్ని తెచ్చింది 2019లో. మన దగ్గర సైటెస్ జీవుల కోసం షెడ్యూల్ 4 అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న. ఈలోగా పెంపుడు సాలీళ్ల మోజున్న దేశాల్లో దీనికి గిరాకీ పెరుగుతూనే ఉంది.

ఆలస్యం ఎంత నష్టం చేస్తుందో ఆ జీవి బతుకు తీరు చూస్తే అర్థమవుతుంది. ఇది వయసు మళ్లిన చెట్ల తొర్రల్లోనూ, లేచిన బెరడు కిందా ఉంటుంది. పట్టేవాడు తొర్రను పగలగొట్టి గానీ బయటికి తీయలేడు. సాలీడుతో పాటు తొర్రా పోతుంది. అలాంటి తొర్ర మళ్లీ ఏర్పడాలంటే చెట్టు ముదరాలి, కొమ్మ విరగాలి, లోపల పుచ్చాలి. దశాబ్దాల మాట అది. వంట చెరకు కోసం పాత చెట్లనే ముందు కొట్టడం మరో దెబ్బ.

ఒక మెలిక కూడా గమనించండి. వేటను నిషేధించే 9వ సెక్షను షెడ్యూల్ 1, 2లలోని జీవులకే వర్తిస్తుంది. వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం కూడా. షెడ్యూల్ 4 చూసేది ప్రధానంగా ఇంట్లో ఉంచుకోవడం, పెంచడం, అమ్మడం గురించి. కాబట్టి ఒక జీవి పేరు 4లో ఉందని చూసి సంతోషించి ఊరుకోకండి. శాస్త్రీయ నామంతో నాలుగు షెడ్యూళ్లనూ వెతకండి. 1లో ఉంటే వేటకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. 2లో ఉంటే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. షెడ్యూలు మాట ఎలా ఉన్నా అభయారణ్యం లోపల ఏ వన్యప్రాణినీ ముట్టుకోకూడదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడ్డా, చెట్టు కొట్టినా 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద కేసు పెట్టవచ్చు. పాత రోజుల్లో అడవి సిబ్బందికి మిగిలిన ఆయుధం ఇదొక్కటే. చిన్న శిక్షలతో సరిపోయేది.

ప్రశ్న: షెడ్యూలులో పేరు చేర్చే అధికారం ఎవరిది? అసెంబ్లీ చేయగలదా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

చేయలేదు. 61వ సెక్షను ప్రకారం అది కేంద్ర ప్రభుత్వం పని. గెజిట్ నోటిఫికేషనుతో పేరు చేర్చవచ్చు, తీసేయవచ్చు, ఒక షెడ్యూలు నుంచి మరోదానికి మార్చవచ్చు. ఆ నోటిఫికేషనును పార్లమెంటు ముందు పెట్టాలి. కొత్త చట్టం చేయనక్కర్లేదు. మనసుంటే కొన్ని వారాల్లో అయ్యే పని ఇది. 2001 మే నెలలో తిమింగలం సొరను షెడ్యూల్ 1లో చేర్చింది ఇలాగే. అంతకుముందు దాకా దాన్ని, ముఖ్యంగా గుజరాత్ తీరంలో, బాహాటంగా వేటాడేవారు.

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. జులైలో సొరలు, టేకు చేపల జాతులన్నిటినీ గుండుగుత్తగా షెడ్యూలులో పెట్టేశారు. వలలో ఏది పడుతుందో ముందే తెలియని మత్స్యకారులంతా రాత్రికి రాత్రే నేరస్థులయ్యే పరిస్థితి వచ్చింది. నిరసనల తర్వాత డిసెంబరులో ఆ జాబితాను పది జాతులకు కుదించారు. కోరేటప్పుడు ఏ జాతికి, ఎందుకు అన్నది ఒక్కొక్కటిగా రుజువు చేయాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రాష్ట్రానికి ఏ పాత్రా లేదనుకోకండి. ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర వన్యప్రాణి మండలికి షెడ్యూలు సవరణల విషయంలో సలహా ఇచ్చే బాధ్యతను 8వ సెక్షను అప్పగించింది. మండలి ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. ఎజెండాలో ఎక్కువ భాగం రోడ్లకూ, విద్యుత్ లైన్లకూ, కాలువలకూ అనుమతుల గురించే ఉంటుంది. షెడ్యూలు మార్పు మీద చర్చ రావాలంటే ఎవరో ఒకరు అడగాలి. సాధారణంగా ఎవరూ అడగరు.

ప్రశ్న: కలివికోడి షెడ్యూల్ 1లో ఉంది, దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమూ ఉంది. అయినా పక్షి ఎందుకు కనబడకుండా పోయింది? ఆలస్యం ఎక్కడ జరిగింది?
– ప్రకృతి ప్రేమికుల బృందం, బద్వేలు

షెడ్యూలు పక్షి ప్రాణాన్ని కాపాడుతుంది, అది తిరిగే నేలను కాదు. మీ ప్రశ్నకు జవాబంతా ఆ తేడాలోనే ఉంది.

జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో బ్లైత్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు వర్ణించిన ఈ పక్షి 1900 తర్వాత కనిపించక, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుడైన ఐతన్న సాయంతో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ కనుగొన్నారు. రెండేళ్లకే, 1988లో, అభయారణ్యం వచ్చింది. ఇక్కడి వరకు ప్రభుత్వాన్ని తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

చిక్కంతా అది కోరుకునే నేలతో వచ్చింది. చిక్కటి అడవి దానికి పనికిరాదు, బోడి మైదానమూ పనికిరాదు. ముళ్ల పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ నేల, రెండూ కావాలి. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, అంతకంటే పొట్టి పొదలు వెయ్యిలోపు ఉన్నచోట దాని జాడలు ఎక్కువగా దొరికాయి. ఈ లెక్క తేలిన పద్ధతీ తెలుసుకోదగ్గదే. కలివికోడి రాత్రి పక్షి, మనిషి అలికిడికి నిలవదు. అందుకని పొదల మధ్య మెత్తటి మట్టిని ఐదు మీటర్ల పొడవున పట్టీలుగా పరిచి, తెల్లారాక వెళ్లి అడుగుజాడలు చూసేవారు. పక్కనే ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి జాడ దానిదేనని ఖాయం చేసుకునేవారు.

అలాంటి నేల కొండ దిగువన, ఊళ్ల అంచున ఉంటుంది. అక్కడే మేకలు మేస్తాయి, అక్కడే పొదలు కొట్టి నిమ్మతోటలు వేస్తారు, కాలువ తవ్వాలన్నా అదే అనువైన చోటు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి తిరిగే పొదల్లోకి వచ్చేశాయి. ఫిర్యాదు సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లాక గానీ కాలువ దారి మారలేదు.

ఇక భూమి సంగతి. అప్పటికే రిజర్వు అడవిగా ఉన్న నేలను 26ఏ సెక్షను కింద నేరుగా అభయారణ్యంగా ప్రకటించేయవచ్చు. పట్టా భూములున్నచోట అలా కుదరదు. 18వ సెక్షను కింద ముందు ఉద్దేశం ప్రకటించాలి. కలెక్టరు 60 రోజుల్లోగా ప్రతి ఊళ్లో తెలుగులో ప్రకటన చేయాలి, ప్రజలు రెండు నెలల్లో తమ హక్కులు చెప్పుకోవాలి, వాటిని విచారించి పరిహారమో మినహాయింపో తేల్చాలి. ఇదంతా ‘వీలైనంత వరకు’ రెండేళ్లలో పూర్తిచేయాలని 25ఏ సెక్షను చెబుతుంది. ఆ ‘వీలైనంత వరకు’ అన్న రెండు ముక్కలతోనే గడువుకు కోరలు పోయాయి. గడువు దాటినా నోటిఫికేషను రద్దు కాదని పక్కనే ఇంకో వాక్యం ఉంది. జీవి వైపు నుంచి చూస్తే అది మంచిదే. పైగా 18ఏ ప్రకారం అభయారణ్యపు ఆంక్షలు కొన్ని మొదటి ప్రకటనతోనే అమల్లోకి వస్తాయి. రైతు వైపు నుంచి చూడండి. మొదటి ప్రకటన వచ్చిన రోజు నుంచి ఆ భూమిపై వారసత్వంగా తప్ప కొత్త హక్కు పుట్టదు. అమ్ముకోలేడు. ప్రభుత్వం పరిహారమూ తేల్చదు. ఏళ్ల తరబడి అలా ఉంచితే ఆ ఊళ్లో కలివికోడి పేరెత్తితే ఎవరికి గిట్టుతుంది? పక్షికీ రైతుకూ ఒకే ఆలస్యం నష్టం చేస్తోంది. దాన్ని ఇద్దరి మధ్య తగాదాగా చూపించడం మాత్రం అన్యాయం.

మీ బృందానికి సూచన. సాయంత్రం చీకటి పడే వేళ కొద్దిసేపు మాత్రమే ఇది కూస్తుంది. రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించే ప్రయత్నం చేయకండి. ఉన్న ఒకటీ అరా చెదిరిపోతాయి. విన్న తేదీ, సమయం, దిక్కు రాసి అటవీ రేంజి ఆఫీసులో ఇవ్వండి. చోటు వివరం ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

ప్రశ్న: పులుల కారిడార్‌ను రక్షించడానికి మా జిల్లాలో ఇచ్చిన జీవో నెలల్లోనే ఆగిపోయింది. అడవి బిడ్డలే అడ్డుపడ్డారని కొందరు రాస్తున్నారు. మీరేమంటారు?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, ఆసిఫాబాద్

కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు కోసం 2025 మే 30న జీవో 49 వచ్చింది. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యానికి పులులు నడిచి వచ్చే దారి అది. ఆదివాసీ సంఘాల ఆందోళనతో జులైలో దాన్ని నిలుపుదల చేశారు.

అడ్డుపడ్డారనడం సరికాదు. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించడానికి ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలని 36ఏ సెక్షనే చెబుతోంది. అది ఎవరో దయతలచి చేసే పని కాదు, చట్టం పెట్టిన షరతు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు, సామూహిక హక్కులు తేలకుండా ఉన్న గూడేలకు ‘రిజర్వు’ అన్న మాట వినగానే ఖాళీ చేయిస్తారన్న భయం కలుగుతుంది. ఆ భయానికి కారణాలున్నాయి. గ్రామసభ పెట్టడానికి ఆరు నెలలు పడుతుందని దాన్ని పక్కనపెడితే, జీవో వచ్చాక ఆగిపోయి ఆరేళ్లు పోతాయి. తొందరగా కావాలంటే ముందు గ్రామసభ తీర్మానాలు, హక్కుల పటాలు, మేతకూ తునికాకుకూ దేనికీ ఆటంకం లేదని రాతపూర్వక హామీ, ఆ తర్వాతే జీవో.

పులి షెడ్యూల్ 1 జంతువే గనుక జీవో ఆగినా దాని వేట నేరమే. కరెంటు తీగతో ఉచ్చు పెట్టినవాడికి శిక్ష తగ్గదు. పంట పొలానికి అడవిపంది కోసం పెట్టిన తీగే పులిని చంపిన సందర్భాలు ఉన్నాయి గనుక, మీ బడిలో పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: అమెరికాలో ఇలాంటి జాప్యం ఉండదని మా ఇంట్లో వాదన. నిజమా?
– తెలుగు పాఠకురాలు, డల్లాస్

జాప్యం అక్కడా ఉంది. కాని అక్కడి చట్టంలో తేదీలున్నాయి. 1973 నాటి ఎండేంజర్డ్ స్పీషీస్ చట్టం కింద ఎవరైనా పిటిషన్ పెట్టవచ్చు. 90 రోజుల్లో ప్రాథమిక నిర్ణయం, 12 నెలల్లో చేర్చాలా వద్దా అన్న నిర్ణయం, ప్రతిపాదన తర్వాత మరో ఏడాదిలో తుది నిర్ణయం. మొత్తం మీద రెండేళ్లు. ఆచరణలో ఏమైందో 2016లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. జాబితాకెక్కిన 1,338 జీవుల నిరీక్షణ కాలం మధ్యస్థ విలువ 12.1 ఏళ్లు. మీ టెక్సాస్ మీదుగా ఏటా వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకకు 2014 ఆగస్టులో పిటిషన్ పెడితే, 2020 డిసెంబరులో ‘రక్షణకు అర్హత ఉంది గాని, అంతకంటే ముఖ్యమైనవి ముందున్నాయి’ అని పక్కన పెట్టారు. జాబితాలో చేర్చే ప్రతిపాదన రావడానికి 2024 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

అయినా ఒక తేడా ఉంది. తేదీ దాటితే పౌరుడు 60 రోజుల నోటీసిచ్చి ప్రభుత్వాన్ని కోర్టుకు లాగవచ్చు. అక్కడ ఎన్నో జీవులు జాబితాకెక్కింది ఈ వ్యాజ్యాల పుణ్యమే. మన చట్టంలోనూ 55వ సెక్షను కింద 60 రోజుల నోటీసు ఉంది. అయితే అది నేరం జరిగినప్పుడు పౌరుడు నేరుగా కోర్టులో ఫిర్యాదు చేయడానికి. షెడ్యూలులో చేర్చలేదని ప్రభుత్వాన్ని నిలదీయడానికి కాదు. 61వ సెక్షనులో తేదీ ఉంటే బాగుండేది. 2022 సవరణ షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించి, జాబితాలన్నీ తిరగరాసింది. ఆ ఒక్క వాక్యం చేర్చడానికి అంతకంటే మంచి అదను దొరకదు. పోగొట్టుకున్నాం.

ప్రశ్న: మా చెరువుల్లో, గుట్టల్లో కనిపించే ఒక జీవికి షెడ్యూలులో చోటు కావాలని అర్జీ పెట్టాలనుకుంటున్నాం. ఎలా రాయాలి? ఎక్కడ పంపాలి?
– పర్యావరణ సంఘం సభ్యులు, నంద్యాల

ముందుగా ఒక హెచ్చరిక. రుజువు కోసం జీవిని పట్టి సీసాలో పెట్టకండి. అది ఇప్పటికే 1లోనో 2లోనో ఉంటే మీ మీదే కేసవుతుంది. ఫొటో, కూత, రాలిన ఈక, కుబుసం వివరాలతోనే చాలావరకు గుర్తుపట్టవచ్చు. అనుమానముంటే హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రానికి ఫొటోలు చూపించండి.

అర్జీ రెండు పేజీలు దాటనివ్వకండి. మిగతాదంతా అనుబంధాల్లో పెట్టండి. విషయం దగ్గరే ‘61వ సెక్షను కింద ఫలానా జీవిని షెడ్యూల్ ఫలానాలో చేర్చమని వినతి’ అని స్పష్టంగా ఉండాలి. ‘వన్యప్రాణులను కాపాడండి’ అని రాస్తే అది సాధారణ ఫిర్యాదుల కట్టలోకి పోతుంది. శాస్త్రీయ నామం అక్షరం పొల్లుపోకుండా, పాత పేర్లుంటే వాటితో సహా రాయాలి. దీనికి కారణం ఉంది. షెడ్యూలులో పాత పేరో, అచ్చుతప్పుతోనో ఎక్కితే, పట్టుకున్న జీవి అది కాదని రేపు నిందితుడి వకీలు వాదిస్తాడు. ఆ తర్వాత ఇప్పుడు ఏ షెడ్యూలులో ఉంది లేక ఎందులోనూ లేదు, ఎర్ర జాబితాలో స్థాయి ఏమిటి, ఏ ఏడాది అంచనా అన్నవి రావాలి.

అర్జీ బలమంతా లెక్కలో ఉంటుంది. ‘ఇదివరకు బోలెడు ఉండేవి, ఇప్పుడు లేవు’ అంటే ఫైలు చూసే అధికారికి ఏమీ తెలియదు. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత దూరం నడిస్తే ఎన్ని కనిపించాయో రాయండి. ఒక్కటీ కనిపించని రోజులనూ రాయాలి. చాలామంది వదిలేసేది వీటినే. అవి లేకపోతే తగ్గుదల రుజువు కాదు. రెండు వర్షాకాలాలు, రెండు వేసవుల లెక్క ఉంటే అర్జీకి బరువొస్తుంది. ఫొటోలు వాట్సాప్‌లో తిప్పినవి పంపకండి. అందులో పంపగానే తీసిన తేదీ, చోటు వివరాలు చెరిగిపోతాయి. కెమెరాలోని అసలు ఫైలే దాచుకోండి.

ముప్పు ఏమిటో విడదీసి చెప్పండి. పట్టి అమ్ముతుంటే పాత కేసుల పీఓఆర్ (అటవీ శాఖ ప్రాథమిక నేర నివేదిక) నంబర్లు, ఆన్‌లైన్ ప్రకటనలుంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు జతచేయండి. ముప్పు వ్యాపారం కాదు, చెరువు పూడ్చడమో క్వారీయో అయితే షెడ్యూలు మార్పు ఒక్కటీ సరిపోదు. దానికి వేరే దారి చూడాలి. ఆ జీవి మీద బతికే చెంచులు, యానాదులు, మత్స్యకారులు ఉంటే వాళ్లకేం ఇబ్బంది, దాన్ని ఎలా తప్పించవచ్చు అన్నది మీరే రాసేయండి. రేపు అభ్యంతరం వచ్చేది అక్కడి నుంచే, వాళ్లతో మాట్లాడకుండా పెట్టే అర్జీ న్యాయమూ కాదు. మీ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ దగ్గరుండే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఈ జీవి నమోదై ఉంటే ఆ పేజీ నకలు పెట్టండి. లేకపోతే నమోదు చేయించండి. కమిటీ తీర్మానం కూడా జోడిస్తే మంచిది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 38వ సెక్షను కింద అంతరించే దశలోని జాతుల సేకరణను నిషేధించే మరో మార్గం ఉంది. మొక్కలకూ కీటకాలకూ అది బాగా ఉపయోగపడుతుంది. అదే అర్జీలో ప్రత్యామ్నాయంగా అడగవచ్చు.

అసలు ప్రతి ఢిల్లీలోని పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ వన్యప్రాణి విభాగానికి. నకలు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు. రాష్ట్ర వన్యప్రాణి మండలి సభ్య కార్యదర్శి కూడా ఆయనే. కాబట్టి 8వ సెక్షను కింద దీన్ని వచ్చే సమావేశం ఎజెండాలో పెట్టమని అందులో ఒక పేరా అదనంగా రాయండి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసి భద్రపరచుకోండి. ఖచ్చితమైన చోటు వివరాలను సీల్డు కవరులో విడిగా పంపి, బయటపెట్టొద్దని రాయండి.

రెండు నెలలు చూడండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ‘ఎందుకు చేర్చలేదు’ అని అడగకండి. రికార్డులో ఉన్నదే ఇవ్వాలి గనుక ‘ఎందుకు’కి జవాబు రాదు. బదులుగా అర్జీ అందిన తేదీ, ఫైలు నంబరు, అది ఇప్పుడు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉంది, నోట్ ఫైలు నకలు, మండలి గత రెండు సమావేశాల మినిట్స్ అడగండి. కేంద్రానికి రుసుం 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో ఉచితం, మండల స్థాయిలో 5, ఆపైన 10. 30 రోజుల్లో సమాచారం రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. చాలా ఫైళ్లు నోట్ ఫైలు నకలు అడిగిన వారంలోనే కదులుతాయి.

ప్రశ్న: అర్జీకి జవాబు రాకపోతే చెన్నై హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చా?
– న్యాయవాది, నెల్లూరు

షెడ్యూలు విషయమైతే కుదరదు. ట్రైబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో వన్యప్రాణి చట్టం లేదు. జీవవైవిధ్య చట్టం, అటవీ సంరక్షణ చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం ఉన్నాయి. చెరువు పూడ్చడం లాంటివైతే ఆరు నెలల్లోగా అక్కడికి వెళ్లవచ్చు. అర్జీ మీద నిర్ణయం కోసం మాత్రం రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టే. ‘షెడ్యూలులో చేర్చమని ఆదేశించండి’ అని కోరితే అది ప్రభుత్వ విచక్షణ అని కొట్టేసే అవకాశం ఎక్కువ. ‘మా అర్జీ మీద ఇన్ని వారాల్లో కారణాలతో నిర్ణయం చెప్పమనండి’ అని కోరండి. అంతవరకు ఆదేశం దక్కుతుంది.

ప్రశ్న: రాబందుల కోసం డైక్లోఫెనాక్ ఎప్పుడో నిషేధించారు. మరి మిగతా ఇంజెక్షన్లు ఏవి వాడొచ్చు? పల్లెల్లో ఇప్పటికీ అయోమయంగా ఉంది.
– పశువైద్య సహాయకుడు, కాగజ్‌నగర్

మీ జిల్లాలోనే బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టాయి గనుక మీ ప్రశ్న మాకు చాలా ముఖ్యం.

రాబందులు మూత్రపిండాలు పాడై చనిపోవడానికి కారణం పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఇది వేగంగా జరిగిన పనే. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. ఆపైన మొదలైంది సాగదీత. మనుషుల కోసమని చేసిన 30 మిల్లీలీటర్ల సీసాలను పశువులకు గుచ్చుతుంటే, మనుషుల ఇంజెక్షను 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుకు మించకూడదని ఆంక్ష పెట్టింది 2015లో. డైక్లోఫెనాక్‌కు బదులుగా చేరిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు నిషేధించింది 2023లో. నిమెసులైడ్‌ను 2024 చివర్లో. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అంటే 2006 నిషేధాన్ని మరో పేరుతో పదిహేడేళ్లు తప్పించుకున్నారన్నమాట. ఒక్కో మందుకూ విడిగా రుజువు, విడిగా నోటిఫికేషను కావాలన్న పద్ధతి వల్ల వచ్చిన అనర్థం ఇది. కొత్త నొప్పి మందు పశువైద్యంలోకి రావాలంటే ముందు రాబందులకు హాని లేదని తేల్చాకే అనుమతించాలని మా అభిప్రాయం.

వాడదగ్గవి మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం. పశువుకు మెలాక్సికామ్ కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాములు, అంటే 300 కిలోల ఆవుకు 150 మిల్లీగ్రాములు. డాక్టరు చెప్పిన ప్రకారమే ఇవ్వండి. సీసా మీద పెద్ద అక్షరాల బ్రాండు పేరు చూసి మోసపోకండి, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. మెలాక్సికామ్‌తో పారాసెటమాల్ లాంటివి కలిపిన మిశ్రమాలు దొరుకుతాయి, మెలాక్సికామ్ ఒక్కటే ఉన్నది తీసుకోండి. ఫ్లునిక్సిన్ కూడా రాబందులకు ప్రాణాంతకమే, ఆ ప్రాంతంలో దాని జోలికి పోకండి. నిషేధిత మందు వేసిన పశువు కొద్ది రోజుల్లో చనిపోతే కళేబరాన్ని బయట పడేయనివ్వకుండా లోతుగా పాతిపెట్టించండి. దుకాణంలో నిషేధిత మందు పశువుల కోసం అమ్ముతుంటే బిల్లు, బ్యాచ్ నంబరుతో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు లేకపోతే ఆ ఫిర్యాదు ముందుకు పోదు.